ఏది మండించింది, ఏది పనిచేసింది? మంగు మచ్చలతో వచ్చిన ఒక మహిళ కేసు వివరాలు

ఈ కేసును రాయడానికి కారణం జబ్బు అరుదైనది కావడం కాదు. మంగు మచ్చలు, వాటి మీద ఎవరికి తోచినట్లు వారు రాసుకున్న క్రీములు, ఆ క్రీములతో ఎర్రబారిన ముఖాలు మా హనుమకొండ క్లినిక్‌లో దాదాపు ప్రతిరోజూ కనిపించేవే. అయితే ఈ రోగి విషయంలో ఆమె వేసుకున్న అంచనా ఒక్కటీ నిలవలేదు, నావి కూడా మూడు తప్పాయి. ముఖాన్ని మండించిందని ఆమె తిట్టుకున్న వస్తువు నిర్దోషిగా తేలింది, బాగా పనిచేస్తోందని నమ్మిన వస్తువే అసలు నష్టం చేసింది, పనిచేసినట్లు మా ఇద్దరికీ కనిపించిన ఇంకొక వస్తువు నిజానికి ఏమీ చేయలేదు. కొత్తగా కొన్నది మన చర్మానికి పడుతుందా అన్నది ఒక ప్రశ్న, పడినా దానివల్ల ఉపయోగం ఉందా అన్నది మరొక ప్రశ్న అని, ఈ రెండింటికీ ఒకే పరీక్ష సరిపోదని నేను చదువుకున్నదే అయినా, ఈమెకు చికిత్స చేసిన పదకొండు నెలల్లో అది కళ్ళకు కట్టినట్లు కనిపించింది. రోగి అనుమతి తీసుకుని, ఆమెను గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను.

సంచి

ఆమె వయసు 32 ఏళ్ళు. వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక అడ్తి కొట్టులో లెక్కలు రాస్తారు. మార్చి రెండో వారంలో, యార్డు నిండా మిర్చి బస్తాలు దిగుతున్న రోజుల్లో, కళ్ళు మాత్రమే కనిపించేలా స్కార్ఫ్ కట్టుకుని వచ్చారు. స్కార్ఫ్ విప్పగానే చెంపలు రెండూ ఎర్రగా, సన్నని రక్తనాళాలు గీతల్లా పైకి తేలి కనిపించాయి. నోటి చుట్టూ ఆవగింజలంత పొక్కులు, ముక్కు పక్కల పొట్టు, వీటన్నిటి కింద చెంప ఎముకల మీదా పై పెదవి మీదా గోధుమ రంగు మంగు ఉన్నాయి. "ఎండకు పెట్టుకునే క్రీమే నాకు పడలేదు మేడం. అది పెట్టంగనే మొఖమంత మిరపకాయ రుద్దినట్టు మండుతాంది" అని ఆమె మొదటి మాటగా చెప్పారు. మిర్చి యార్డులో పనిచేసే మనిషి నోట ఆ పోలిక రావడంతో నా ఆలోచన మొదట దుమ్ము వైపే వెళ్ళింది. చపాట రకం మిర్చికి రంగు ఎక్కువ, కారం తక్కువ. తేజ రకం బస్తా పక్కన విప్పితే మాత్రం మామూలు చర్మమైనా చురుక్కుమంటుంది. మార్కెట్ సెలవు రోజుల్లో మంట ఎలా ఉంటుందని అడిగితే కొంచెం తక్కువగానే ఉంటుందన్నారు. మిర్చి దుమ్ము మంటను పెంచుతుందన్న మాట నిజమే గానీ, నోటి చుట్టూ ఆ పొక్కులను, చెంపల మీద ఆ నాళాలను తేలేదు. నా మొదటి అంచనా అక్కడే ఆగిపోయింది.

వాడుతున్నవన్నీ తెమ్మంటే మర్నాడు ఒక సంచి తెచ్చి బల్ల మీద కుమ్మరించారు. ఏడు వస్తువులు ఉన్నాయి. సాలిసిలిక్ ఆమ్లం 2 శాతం ఉన్న ఫేస్‌వాష్, 10 శాతం నియాసినమైడ్ (విటమిన్ బి3 రూపం) సీరం, డికాషన్ రంగుకు తిరిగిన విటమిన్ సి సీరం, రెటినాల్ (విటమిన్ ఎ రూపం) నైట్ క్రీమ్, ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్ జెల్, ఫ్యాన్సీ షాపులో కొన్న గులాబీ వాసన జెల్, చివరగా మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చిన ఒక ట్యూబు. మొదటి ఐదూ ఆడపడుచు పెళ్ళి కోసమని జనవరిలో ఆఫర్‌లో ఒకేసారి కొన్నారు, ఒకే వారంలో అన్నీ మొదలుపెట్టారు. గులాబీ జెల్ అంతకు కొద్దిరోజుల ముందు వచ్చింది. ట్యూబు మాత్రం ఏడు నెలలుగా నడుస్తోంది.

ఆ ట్యూబు మీద ఉన్న మూడు పేర్లు చదివేసరికి సగం కథ తెలిసిపోయింది: రంగు తగ్గించే హైడ్రోక్వినోన్ 2 శాతం, పై పొరను ఒలిచే ట్రెటినోయిన్ 0.025 శాతం, స్టెరాయిడ్ అయిన మొమెటాసోన్ 0.1 శాతం. మూడింటినీ కలిపి మంగుకు వాడే పద్ధతి కొత్తది కాదు. 1975లో క్లిగ్‌మన్, విల్లిస్ అనే ఇద్దరు అమెరికా వైద్యులు హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కలయికను ప్రతిపాదించారు. మన దగ్గర దొరికేవి దాని వారసులు. వైద్యుడు చూస్తూ, రాత్రిపూట మాత్రమే, కొద్ది వారాల పాటు వాడిస్తే ఇది మంచి మందే. పక్కింటావిడకు మంగు తగ్గిందని విని పొద్దునా రాత్రీ నెలల తరబడి రాస్తే అందులోని స్టెరాయిడ్ చర్మాన్ని పలచబరుస్తుంది, నాళాలను ముందు కుంచింపజేసి తర్వాత తెరిచి వదిలేస్తుంది. మొదటి పది రోజుల్లో ముఖం తేటగా మెరిసేది ఈ కుంచింపు వల్లే. మానేసిన వారంలో ఎరుపు, మంట, పొక్కులు తిరగబడతాయి గనుక మళ్ళీ రాయక తప్పదనిపిస్తుంది. ఆమె రెండుసార్లు మానేసి, రెండుసార్లూ భయపడి మళ్ళీ మొదలుపెట్టారు. "అదొక్కటే నాకు పడ్డది మేడం, అది ఆపితెనే ఖరాబ్ అయితాంది" అన్నారు. మానేస్తే ఎక్కువయ్యేదాన్ని మందు పడినట్లుగా లెక్కవేయడం మా విభాగంలో రోజూ వినే పొరపాటు. దీనికి మా వైద్యశాస్త్రంలో స్టెరాయిడ్ వల్ల దెబ్బతిన్న ముఖం అనే పేరే ఉంది. చీటీ లేనిదే అమ్మకూడదని కేంద్రం 2018లో 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్ పరిధిలోకి తెచ్చింది. కౌంటర్ మీద వాటి ప్రవాహం మాత్రం నేను చూస్తుండగా పెద్దగా తగ్గలేదు.

గులాబీ జెల్ డబ్బా మీద పదార్థాల పట్టిక, బ్యాచ్ నంబరు, లైసెన్స్ నంబరు ఉన్నాయి. ఇవేవీ లేకుండా వచ్చే, ముఖాన్ని తెల్లబరుస్తామనే క్రీములను నేను పరీక్షించే ప్రయత్నం కూడా చేయను, నేరుగా పారేయమంటాను. వాటిలో పాదరసం ఉండే అవకాశం ఉంది. కేరళలోని మలప్పురం జిల్లాలో 2023లో అలాంటి క్రీములు వాడినవాళ్ళలో మూత్రంలో ప్రోటీన్ పోయే కిడ్నీ జబ్బు బయటపడింది. మన కాస్మెటిక్స్ నియమాల ప్రకారం ముఖానికి రాసే వస్తువులో అనుకోకుండా చేరిన పాదరసం పది లక్షల భాగాల్లో ఒక భాగం దాటకూడదు. ఈమె ఇంకేమైనా వాడి మరిచిపోయారేమోనని మూత్ర పరీక్ష చేయించాను, ప్రోటీన్ లేదు.

మానేసిన మొదటి నెల

ఏడింటినీ ఒకేసారి ఆపించాను. గోరువెచ్చని నీళ్ళు, గ్లిజరిన్, పెట్రోలాటం (వాసెలిన్ లాంటిది) కలిసిన వాసన లేని మాయిశ్చరైజర్, ఎండలోకి వెళ్తే గొడుగు, స్కార్ఫ్‌గా ఉతికిన నూలు బట్ట ఇవే ఆమెకు మిగిలాయి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిందని, గర్భం వచ్చే అవకాశం లేదని నిర్ధారించుకున్న తర్వాత నోటి చుట్టూ ఉన్న పొక్కులకు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చాను. మొదటి వారంలో ఇంకే పూతమందూ ఇవ్వలేదు. స్టెరాయిడ్ లేకుండా వాపు తగ్గించే టాక్రోలిమస్ పూత ఇవ్వవచ్చు గానీ అది కూడా మొదటి కొద్ది రోజులు మండుతుంది, అప్పుడు ఏ మంట దేనిదో తేల్చడం కష్టమవుతుంది.

స్టెరాయిడ్ మానేసిన ఆరో రోజు నుంచి ముఖం మరింత ఎర్రబడవచ్చని ముందే చెప్పి, ఆ తేదీని చీటీ మీద గుండ్రంగా చుట్టి ఇచ్చాను. సరిగ్గా ఏడో రోజు సాయంత్రం ఫోన్ వచ్చింది. "మీ మందు తోటే ఎక్కువైంది మేడం, మా అత్తమ్మ పాత క్రీమ్ పెట్టుకొమ్మంటాంది." చీటీ తీసి తేదీ చదవమన్నాను. అటువైపు కాసేపు మాట లేదు, తర్వాత "రాసే ఉన్నది" అన్నారు. ఆ ఒక్క తేదీ వల్లే ఆమె మూడోసారి ట్యూబు ముట్టుకోలేదని నా నమ్మకం. ఎనిమిదో రోజు పిలిపించి చూసి టాక్రోలిమస్ 0.03 శాతం రాత్రిపూట మొదలుపెట్టాను. నాలుగో వారానికి పొక్కులు పోయాయి, ఎరుపు చెంపల వరకు తగ్గింది.

ఐదో వారంలో నా రెండో పొరపాటు బయటపడింది. చెంపలు బాగుపడుతుండగానే నుదుటి అంచున జుట్టు మొదలయ్యే చోట, కణతల దగ్గర, పై కనురెప్పల మీద దురద పెట్టే దద్దు వచ్చింది. రాత్రిపూట టాక్రోలిమస్ కాక మాయిశ్చరైజర్ తప్ప ఏమీ రాయడం లేదు కాబట్టి అదే పడలేదేమో అనుకుని దాన్ని కూడా ఆపించాను. ఐదు రోజులైనా తగ్గలేదు. దద్దు ఆకారాన్ని మళ్ళీ తీరిగ్గా చూస్తే, అది ముఖానికి రాసినదానిలా కాకుండా పైనుంచి కారినదానిలా ఉంది. తలకు ఏం పెడతారని అడిగితే సంపంగి వాసన నూనె, రోజూ, రెండేళ్ళుగా అన్నారు. "నూనె మొఖానికి పెట్టుకుంటలేను కద మేడం" అన్న ఆమె మాటలో తప్పు లేదు. నేను ముఖానికి ఏం రాస్తారనే అడిగాను. ఆ ప్రశ్నకు ఆమె ఇచ్చిన జవాబు సరైనదే. ఇప్పుడు మా దగ్గర తలనూనె, షాంపూ, జుట్టు రంగు, బొట్టు బిళ్ళలు, గోళ్ళ రంగు, భర్త వాడే షేవింగ్ లోషన్ సహా అన్నీ సంచిలో వేసుకుని రమ్మంటున్నాం. గోళ్ళ రంగు వల్ల కనురెప్పల మీద దద్దు రావడం చర్మవైద్యులందరికీ తెలిసిన సంగతే అయినా రోగిని అడగడం మరిచిపోతాం. నూనె మార్చి వాసన లేని కొబ్బరినూనె పెట్టమన్న తర్వాత రెండు వారాల్లో రెప్పలు మామూలయ్యాయి. మాయిశ్చరైజర్‌ను తిరిగి ఇచ్చాను, ఏమీ కాలేదు.

మోచేతి మడత

మే నెలలో ఒక్కో వస్తువునూ పరీక్షకు తీసుకున్నాం. పద్ధతి సులువైనదే. మోచేతి లోపలి మడతకు కొంచెం కింద పది రూపాయల బిళ్ళంత చోటు ఎంచుకుని, ముఖానికి ఎంత మందంగా రాస్తామో అంతే మందంగా రోజుకు రెండుసార్లు, ఏడు నుంచి పది రోజులు రాయాలి. ఒక చేతికి ఒకటే వస్తువు. చోటును బాల్‌పెన్‌తో గుండ్రంగా గీసుకుని, స్నానం తర్వాత మళ్ళీ దిద్దుకోవాలి. చాలామంది చెవి వెనక ఒక్కసారి రాసి, మర్నాటికి ఏమీ కాలేదంటే పడిందనుకుంటారు. ఒక వస్తువుకు చర్మం కొత్తగా అలర్జీ పెంచుకోవడానికి పది రోజుల నుంచి రెండు వారాల దాకా పట్టవచ్చు. ముందే అలర్జీ ఉన్నా దద్దు లేవడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. ఒక్క రాత్రి పరీక్షతో తెలిసేది రాయగానే కాల్చేసే ఘాటైన వస్తువు ఒక్కటే. రాసిన చోట ప్లాస్టర్ అంటించి చూసేవాళ్ళు కూడా ఉన్నారు. గాలి తగలకుండా మూస్తే రెటినాల్, ఆమ్లాలు ఎవరి చర్మాన్నైనా కాలుస్తాయి, దాన్ని అలర్జీ అనుకోకూడదు. కడిగేసే ఫేస్‌వాష్‌ను కూడా ఇలా రాసి వదిలేయకూడదు.

ఎడమ చేతికి సన్‌స్క్రీన్, కుడి చేతికి గులాబీ జెల్ ఇచ్చాను. సన్‌స్క్రీన్ వైపు పది రోజులూ ఏమీ లేదు. జెల్ వైపు మొదటి మూడు రోజులు చర్మం శుభ్రంగానే ఉంది, నాలుగో రోజు పొద్దున సన్నని దురద, ఐదో రోజు గుండుసూది తలలంత పొక్కులు, ఆరో రోజుకు పెన్ను గీత దాటి అర అంగుళం బయటికి పాకింది. ఆపిన వారానికి గానీ మచ్చ తగ్గలేదు. ఘాటు వల్ల వచ్చే మంటయితే రాసిన చోటే ఉండేది, ఆపిన రెండు రోజుల్లో చల్లారేది. గీత దాటిందంటే అలర్జీ అనే అనుమానం బలపడుతుంది. డబ్బా మీద సహజం, హెర్బల్ అని పెద్ద అక్షరాల్లో ఉన్నా, పట్టికలో చివరి నుంచి మూడోది పర్‌ఫ్యూమ్. గులాబీ నూనెలో సహజంగానే ఉండే గెరానియాల్ కూడా అలర్జీ తెచ్చే వాసన పదార్థాల్లో ఒకటి. చెట్టు నుంచి తీసిందా, కర్మాగారంలో చేసిందా అన్న తేడా చర్మానికి తెలియదు.

నిర్ధారణకు వీపు మీద చేసే ప్యాచ్ టెస్ట్ కావాలి. అలర్జీ పదార్థాలను చిన్న గిన్నెల్లో పెట్టి 48 గంటలు అంటించి ఉంచి, తీసినప్పుడొకసారి, నాలుగో రోజున మరోసారి చదవాలి. మే ఎండల్లో మా ఊళ్ళో ఆ పట్టీ ఒక పూట కూడా నిలవదు, చెమటకు ఊడిపోతుంది. అందుకే జూలై దాకా ఆగాం. వాసన పదార్థాల మిశ్రమానికి రెండు ప్లస్‌లు (అంటే గట్టి ప్రతిచర్య), ఆమె తెచ్చిన జెల్‌కూ రెండు ప్లస్‌లు వచ్చాయి. సన్‌స్క్రీన్‌తో సహా మిగతావన్నీ నెగెటివ్. తలనూనె, జెల్ రెండూ ఒకే అలర్జీకి రెండు ముఖాలని తేలింది. నూనె రెండేళ్ళుగా ఏమీ చేయలేదు కదా అని ఆమె అడిగారు. అలర్జీ ఎప్పుడైనా మొదలవుతుంది, ఏళ్ళుగా పడిన వస్తువుకు కూడా. పలచబడి పగిలిన చర్మం మీద జెల్ రాయడం వల్ల అది త్వరగా మొదలై ఉంటుందని నా ఊహ. స్టెరాయిడ్ ఉన్నన్నాళ్ళూ ఆ దద్దును అదే అణచి ఉంచి ఉంటుంది, కాబట్టి ట్యూబు ఆపాకనే నూనె గుట్టు బయటపడింది.

మరి సన్‌స్క్రీన్ మంట? జూన్ మొదటి వారంలో అదే ట్యూబు నుంచి చెంప మీద, నా ఎదురుగానే రాయించాను. ఐదు నిమిషాలు గడిచాయి. "చల్లగనే ఉన్నది" అన్నారు, నమ్మలేనట్లుగా. మార్చిలో మండింది పొర చెడిన ముఖం. ఫేస్‌వాష్‌లో సాలిసిలిక్, ట్యూబులో ట్రెటినోయిన్, దాని మీద రెటినాల్, అంటే విటమిన్ ఎ కుటుంబానికే చెందిన రెండు మందులు ఒకే రాత్రి. అలా రెండు నెలలు ఒలిచిన చర్మం మీద నీళ్ళు పోసినా మండుతుంది. పొద్దున అన్నిటి తర్వాత చివరగా రాసేది సన్‌స్క్రీన్ కాబట్టి నింద దానికి చుట్టుకుంది.

అద్దం, ఫోటో, సగం ముఖం

పడుతుందా అన్న ప్రశ్న జూలైకి ముగిసింది. పనిచేస్తుందా అన్నదే ఎక్కువ కష్టమైంది. మంగు వానాకాలంలో దానంతటదే కొంత లేతబడుతుంది, మార్చి నుంచి మే దాకా ముదురుతుంది. జూలైలో ఏ సీరం మొదలుపెట్టినా సెప్టెంబరుకు అది గొప్పదిగా కనిపిస్తుంది, ఫిబ్రవరిలో మొదలుపెడితే అదే సీసా పనికిరానిదవుతుంది. పైగా పై చర్మం అడుగు నుంచి పైకి వచ్చి రాలిపోవడానికి సుమారు నాలుగు వారాలు, వయసు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ పడుతుంది. మాయిశ్చరైజర్ సంగతి వారంలో తెలుస్తుంది; రంగు మచ్చల మీద మాటకు ఎనిమిది నుంచి పన్నెండు వారాలు ఆగాలి. రోజూ అద్దంలో చూసుకునే కన్ను ఇంత నెమ్మదైన మార్పును పట్టుకోలేదు, నిద్ర సరిగా లేని రోజున బాగుపడిన ముఖాన్ని కూడా పాడైందంటుంది.

అందుకే ఫోటో. మొదటి నెల ఆమె ఇంట్లో తీసి పంపిన ఫోటోల్లో ముఖం ఎదురుగా కూర్చున్నదానికంటే రెండు వంతులు నున్నగా ఉంది, కారణం ఫోన్ కెమెరాలో దానంతటదే నడుస్తున్న బ్యూటీ మోడ్. ఆ ఫోటోలను పక్కన పెట్టాల్సి వచ్చింది. తర్వాత నియమం పెట్టుకున్నాం: వారానికి ఒకసారి, ఆదివారం ఉదయం పది గంటలకు, ఉత్తరం వైపు కిటికీ దగ్గర అదే పీట మీద, ముఖం కడిగిన అరగంట తర్వాత, ఫ్లాష్ లేకుండా, మెడ దగ్గర తెల్ల చేతిరుమాలు పెట్టుకుని. రుమాలు ఎందుకంటే, ఒక ఫోటోలో అది పసుపుగా, ఇంకొకదానిలో నీలంగా కనిపిస్తే ఆ రెంటినీ పోల్చకూడదని వెంటనే తెలుస్తుంది.

విటమిన్ సి తనకు పనిచేసిందని ఆమె గట్టిగా అన్నారు. పాత సీసా గాలి తగిలి రంగు మారింది గనుక పారేయించి, కొత్తది తెప్పించి, ముందు చేతి మీద పదిరోజులు చూసి, జూలై మూడో వారం నుంచి కుడి చెంపకు మాత్రమే రాయమన్నాను. ఎడమ చెంపకు ఏమీ లేదు. సన్‌స్క్రీన్ రెండు వైపులా సమానంగా. మొదటి రెండు వారాల్లోనే ఒక లోపం కనిపించింది: అడ్తి కొట్టులో ఆమె కుర్చీకి ఎడమవైపు కిటికీ. ఒక చెంప రోజంతా వెలుతురులో ఉంటే పోలిక చెడుతుంది. కుర్చీ తిప్పించుకోమని, లెక్క మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను.

సన్‌స్క్రీన్ మోతాదు కూడా సరిచేయాల్సి వచ్చింది. 50 గ్రాముల ట్యూబు తనకు రెండున్నర నెలలు వచ్చిందని ఆమె సంతోషంగా చెప్పారు. రోజుకు రెండుసార్లు అంటే ఒక్కోసారి గ్రాములో మూడో వంతు. డబ్బా మీద రాసిన ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున రాసి కొలిచినది. ముఖానికీ మెడకూ ఆ లెక్కన ఒక గ్రాముకు పైనే కావాలి. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పిండుకుంటే సుమారుగా సరిపోతుంది. శనగగింజంత రాసి 50 అనుకుంటే అందులో కొంత భాగమే దక్కుతుంది. ఖర్చు మూడింతలవుతుందని ఆమె అన్నమాట కూడా న్యాయమే. విటమిన్ సికి, నియాసినమైడ్‌కు పెట్టే డబ్బును దీనికి పెట్టమన్నాను. మామూలు వెలుతురుకు కూడా మంగు ముదురుతుంది కాబట్టి ఐరన్ ఆక్సైడ్ కలిసిన, చర్మం రంగులో ఉండే, వాసన లేని రకానికి మార్చాం, అదీ మోచేతి పరీక్ష అయ్యాకే.

పన్నెండు వారాల తర్వాత ఆమె, నేను ఇద్దరం కుడి చెంప తేటపడిందనే అన్నాం. తర్వాత ఏ వైపు ఏం రాశారో తెలియని నా సహ వైద్యురాలికి, పేరూ తేదీ కనిపించకుండా ఫోటోలు చూపించాను. రెండు చెంపలూ తేటపడ్డాయని, రెండింటికీ తేడా చెప్పలేనని ఆమె తేల్చారు. నేను మళ్ళీ చూశాను, నిజమే. మందు ఏ వైపు రాశారో తెలిసిన కన్ను ఆ వైపే బాగుందని చూస్తుంది, అది వైద్యుడి కన్నైనా సరే. ఫలితం వానాకాలానిది, సరిపడా రాసిన సన్‌స్క్రీన్‌ది. ఈ ఒక్కరి విషయంలో విటమిన్ సి పనిచేయలేదంటే అది ఎవరికీ పనిచేయదని కాదు. ఆమె డబ్బు మాత్రం మిగిలింది.

ఈ లోపు బతుకమ్మ వచ్చింది. పసుపు రాసుకోవచ్చా అని ఆమె ముందే అడిగారు, అత్తమ్మ ఇంట్లో దంచిన పసుపే. దాన్ని కూడా మోచేతి మీద వారం రోజులు చూశాం. చర్మం పచ్చబడింది తప్ప ఏమీ కాలేదు. తొమ్మిది రోజులూ రాసుకున్నారు, నలుగు పిండి రుద్దడం మాత్రం వద్దన్నాను.

అక్టోబరు చివర మంగుకు వాడే అజెలాయిక్ ఆమ్లం 20 శాతం క్రీమును ఎడమ చెంపకు, రాత్రిపూట, మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు మొదలుపెట్టాను. మొదట పది నిమిషాల పాటు చిటచిట ఉంటుందని, అది తగ్గుతూ పోవాలి గానీ పెరగకూడదని చెప్పాను. రాత్రి పడుకునే ముందు మంటకు సున్నా నుంచి పదికి ఒక అంకె వేసి క్యాలెండర్ మీద రాసేవారు. మొదటి వారం 4, 4, 3. మూడో వారానికి 1. తర్వాత అన్నీ సున్నాలు. జనవరి మూడో వారంలో సహ వైద్యురాలు మళ్ళీ ఫోటోలు చూసి ఎడమ వైపు తేటగా ఉందని, ఎవరూ అడగకముందే చెప్పారు. అప్పుడు కుడి చెంపకూ మొదలుపెట్టాం.

చివరిసారి ఫిబ్రవరిలో చూశాను. మిర్చి సీజన్ తిరిగి వచ్చింది, ఆమె స్కార్ఫ్‌లోనే వచ్చారు. చెంప మీది రక్తనాళాలు కొన్ని అలాగే ఉన్నాయి, అవి పూర్తిగా పోవు. పై పెదవి మీది మంగు జనవరి ఫోటో కంటే ఒక ఛాయ ముదిరింది, చెంపల మీద మారలేదు. నియాసినమైడ్ సీరం చేతి పరీక్షలో పడింది గానీ సగం ముఖం పరీక్ష దాకా రాలేదు, ఆమెకు ఇక ఆసక్తి లేదన్నారు. ఆమె వెంట కొట్టులో పనిచేసే ఇంకొకావిడ వచ్చారు, చేతిలో సంచితో. అందులో తలనూనె కూడా ఉంది.